పెట్ట చేసే పని పెట్టె చేస్తే

తోతాపురి మామిడి మండీలనగానే చిత్తూరు జిల్లాలో గుర్తొచ్చే ఊళ్లలో బంగారుపాళ్యం ఒకటి. చిత్తూరు నుంచి పలమనేరు పోయే దారిలో, మొగిలి ఘాటు ఎక్కకముందే వస్తుంది. ఆ దారి ఇటు చెన్నైకీ అటు బెంగళూరుకీ పోతుంది కాబట్టి ఇక్కడి సరుకేదైనా రెండు మహానగరాలకూ దగ్గరే. మామిడికైనా బెల్లానికైనా కోడికైనా అదే లెక్క. రాగి సంగటీ నాటుకోడి పులుసూ వడ్డించే హోటళ్లు పెరిగేకొద్దీ నాటుకోడికి గిరాకీ వచ్చింది. ఆ గిరాకీ వెంటే ఇళ్లలోకి పొదిగే యంత్రమూ వచ్చింది. థర్మకోల్ పెట్టె, బల్బు, చిన్న ఫ్యాను, వేడిని కనిపెట్టుకుని ఉండే డిజిటల్ కంట్రోలర్, అంతే సరంజామా. యాభై గుడ్లది కొనాలా, వంద గుడ్లది కొనాలా అన్న చర్చ మాత్రం తెగదు.

ఒకప్పుడు ఈ పనికి ఒక వెదురు గంప, కాస్త ఇసుకో బూడిదో, గుప్పెడు గడ్డి ఉంటే చాలు. పది పదిహేను గుడ్లు పెట్టాక పెట్ట ఈకలు ఉబ్బించుకుని, దగ్గరికి పోతే కొర్రుమని పొడవబోతూ గూట్లోంచి కదలనంటే ఇంటి ఆడవాళ్లకు సంగతి అర్థమైపోయేది. అప్పటిదాకా గుడ్లను ధాన్యం కుండలో దాచి ఉంచేవాళ్లు. బేసి లెక్కన గుడ్లు పేర్చి, ఉరుములకు మురిగిపోకుండా ఒక ఇనుప ముక్కో ఎండుమిరపకాయో గంపలో వేసి, చీకటి మూలన పెట్టేవాళ్లు. ఇనుప ముక్క సంగతి ఎలా ఉన్నా, ధాన్యం కుండకు మాత్రం గట్టి కారణం ఉంది. గుడ్డును వేడి గదిలో ఉంచితే పెట్ట కూర్చోకముందే లోపలి పిండం అరకొరగా పెరగడం మొదలుపెట్టి చచ్చిపోతుంది. ఎండలు ముదిరాక గుడ్లు పొదిగేయడానికి పల్లెల్లో వెనకాడింది అందుకే. ఇప్పుడు ఎంత మంచి యంత్రం కొన్నా, మే నెలలో వారం రోజులు వంటింట్లో పడి ఉన్న గుడ్డును అది బాగుచేయలేదు.

ఇరవై ఒక్క రోజులు పెట్ట చేసేది వట్టి కూర్చోవడం కాదు. గుడ్డును ముప్పై ఏడున్నర డిగ్రీల దగ్గర నిలబెడుతుంది. పిండం పెంకుకు అంటుకుపోకుండా ముక్కుతో మాటిమాటికీ దొర్లిస్తుంది. మేతకని కాసేపు లేచిపోయి గుడ్లకు గాలి తగలనిస్తుంది. పిల్లలు బయటపడ్డాక అసలు చాకిరీ మొదలు. గద్ద నీడ పడితే రెక్కల కిందికి పిలవాలి, దిబ్బ గీరి పురుగును చూపించాలి. మనుషులూ తమ వంతు సాయం చేసేవాళ్లు. పగిలిన కుండలో ఎండుపేడా గోనెగుడ్డ ముక్కలూ కుక్కి, నీళ్లు చల్లి, చెదలున్న చోట బోర్లిస్తే తెల్లారేసరికి కుండ నిండా చెదలు. పిల్లలకు అంతకు మించిన మేత లేదు. ఈ పెంపకం రెండు మూడు నెలలు సాగుతుంది, అన్నాళ్లూ పెట్ట గుడ్డు పెట్టదు. నాటుపెట్ట ఏడాదికి పెట్టేది యాభై అరవై గుడ్లేనంటే అందుకు ఇదీ ఒక కారణం.

పెట్ట లేకుండా పొదిగించాలన్న ఆశ పాతదే. ఈజిప్టువాళ్లు పేడకుప్పల వేడితో పిల్లల్ని తీస్తారని అరిస్టాటిల్ రాశాడు. ఆ దేశంలో మట్టి ఇటుకలతో కట్టిన పొదిగే కొలుములు మన కాలం దాకా నడిచాయి. అక్కడి పనివాళ్లు గుడ్డును కంటిరెప్పకు ఆనించి వేడి సరిపోయిందో లేదో చెప్పేవాళ్లు. 1749లో ఫ్రెంచి శాస్త్రవేత్త రేమూర్ పేడవేడితోనే, కాకపోతే థర్మామీటరు చేతబట్టి, పిల్లల్ని తీసే విధానం మీద పుస్తకం వేశాడు. అసలు చిక్కు విడింది 1881లో, ఇంగ్లండులో చార్ల్స్ హియర్సన్ చేతిలో. రెండు పల్చటి రేకుల మధ్య త్వరగా ఆవిరయ్యే ద్రవం కాస్త పోసి మూసేశాడు. వేడి హద్దు దాటగానే ఆ బిళ్ల ఉబ్బి ఒక కడ్డీని లేపుతుంది. కడ్డీ దీపం పైనున్న మూతను తెరుస్తుంది, ఎక్కువైన వేడి బయటికి పోతుంది. కరెంటు అక్కర్లేదు. ఇవాళ్టి డిజిటల్ కంట్రోలర్‌దీ ఇదే పని.

యంత్రం తప్పనిసరి కావడానికి మనిషి అవసరం ఎంత కారణమో కోడి మారిపోవడమూ అంతే కారణం. తెల్ల లెగ్‌హార్న్ ఏడాదికి రెండు వందల యాభైకి పైగా గుడ్లు పెడుతుంది కానీ, వాటి మీద కూర్చోదు. కూర్చుంటే గుడ్లు ఆగిపోతాయని తరతరాల ఎంపికలో ఆ బుద్ధినే పోగొట్టారు. ఇక పొదగడం హేచరీల చేతికి పోయింది. 1971లో బి.వి.రావు వెంకటేశ్వర హేచరీస్ పెట్టారు. ఆ మరుసటి ఏడాదే చిత్తూరులో పశువైద్యుడు డాక్టర్ సుందరనాయుడు బాలాజీ హేచరీస్ మొదలుపెట్టారు. ఒక్కరోజు పిల్లలు నాలుగు అరల అట్టపెట్టెల్లో, పెట్టెకు వందేసి చొప్పున ఊళ్లకు చేరేవి. కడుపులో మిగిలిన పచ్చసొన రెండు రోజులు ఆకలి తీరుస్తుంది కాబట్టి దారిలో మేత లేకున్నా తట్టుకునేవి. 1982లో జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ ఏర్పడింది. అది రోజూ ప్రకటించే గుడ్ల ధరల్లో హైదరాబాదు, చెన్నై వంటి నగరాల సరసన ఇవాళ చిత్తూరు పేరూ ఉంటుంది.

పెరటి పెంపకం కోసం హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ వనరాజ, గ్రామప్రియ లాంటి రకాలను తెచ్చింది. ఇవీ పొదగడానికి పెద్దగా కూర్చోవు. వీటిని పెంచే ఇంట్లో పిల్లల్ని కొనుక్కోవాలి, లేదంటే యంత్రం ఉండాలి, లేదా ఈ గుడ్లను అరువుకు పొదిగే నాటుపెట్ట ఒకటుండాలి.

కొనేవాళ్లు ముందు చూసేది ఎన్ని గుడ్లు పడతాయని. చూడాల్సింది ఫ్యాను. గాలి తిప్పే పెట్టెలో ముప్పై ఏడున్నర డిగ్రీలు సరిపోతాయి. ఫ్యాను లేని పెట్టెలో గుడ్ల పైమట్టాన ఇంకో డిగ్రీ పైగా ఉండాలి, అయినా మూలమూలకీ తేడా తప్పదు. కరెంటు పోతుందని అందరూ భయపడతారు గానీ, గంటసేపు చల్లబడితే గుడ్డు ఓర్చుకుంటుంది. కంట్రోలర్ మొండికేసి నలభై దాటిందా, ఇక పిల్లల మీద ఆశ వదులుకోవాల్సిందే. చవకరకం కంట్రోలర్ కొని ఇన్వర్టర్ మీద వేలు పోసేవాళ్ల లెక్క ఇందుకే తలకిందులు. పద్దెనిమిదో రోజు దాకా గుడ్లు తిప్పాలి, చివరి మూడు రోజులూ తేమ పెంచాలి. ఇవన్నీ ఎవరైనా నేర్చుకోగలరు.

తడబాటంతా ఆ తర్వాతే. పెట్టె పెట్ట చేసే పనిలో సగమే చేస్తుంది. రెక్కల పని చేయడానికి వేరే సరంజామా కావాలి, దానికి డబ్బు తీసిపెట్టుకునేవాళ్లు తక్కువ. మూలల్లో గుమిగూడి ఒకదాని కింద ఒకటి నలిగిపోకుండా గుండ్రంగా కట్టిన అట్ట లేదా రేకు, నేల మీద వేరుశనగ పొట్టు, దాని మీద మొదటి రెండు మూడు రోజులు వార్తాపత్రికలు, పైన బల్బు. మొదటి వారం ముప్పై ఐదు డిగ్రీలు, తర్వాత వారానికి మూడు డిగ్రీల దాకా తగ్గించుకుంటూ పోవాలి. బల్బు పాత రకం వైరు బల్బే అయ్యుండాలి, ఎల్ఈడీ వెలుగిస్తుంది గానీ పిల్లల్ని వెచ్చబెట్టదు. థర్మామీటరు కంటే పిల్లల్ని చూడటం మేలు. బల్బు కింద ముద్దగా చేరితే చలి, అంచులకు పారిపోయి నోళ్లు తెరిస్తే వేడి, ఒక పక్కకే ఒదిగితే ఎక్కడినుంచో ఈదురుగాలి. హేచరీ పిల్లకు మొదటి రోజే మేరెక్స్ టీకా పడుతుంది. ఇంట్లో పొదిగిన పిల్లకు ఆ టీకా దొరకడం అరుదు. కొక్కెర తెగులు రాకుండా వారంలోపు కంట్లో లసోటా చుక్క వేయించుకోవడం మాత్రం ఎవరికీ తప్పదు.

నాటుపెట్టలు మిగిలిన ఇళ్లలో రెండూ కలిపి నడుపుతున్నవాళ్లున్నారు. పెట్టెలో పొదిగించి, రాత్రి చీకట్లో, అప్పటికే గుడ్ల మీద ఉన్న పెట్ట కిందికి పిల్లల్ని జారవిడుస్తారు. తెల్లారేసరికి అది వాటిని తనవేననుకుంటుంది. ఒక్కో పెట్ట రెక్కల కింద పట్టేది పన్నెండు పదిహేనే. పెట్టెలో వంద పొదిగించినవాళ్లు మిగతావాటికి బల్బు వెలిగించుకోవలసిందే.