తలారి మాన్యం నుంచి మైత్రీ కమిటీ దాకా: చిత్తూరు సీమలో కావలి చరిత్ర

పోలీసు శాఖ పౌరులతో కమిటీలు వేసి, స్వచ్ఛంద సేవకులను కూడగట్టి, ఊళ్లలో సభలు పెట్టి, వారి సాయంతో నేరాలను అదుపు చేయబూనడాన్ని సామాజిక పోలీసింగ్ అని ఈనాడు వ్యవహరిస్తున్నారు. ఇది గత రెండు మూడు దశాబ్దాల్లో పుట్టిన ఆలోచన అన్న అభిప్రాయం శాఖ ప్రచారపత్రాల్లోనే కాదు, చదువుకున్నవారిలోనూ ఉంది. తిరుపతి, చిత్తూరు ప్రాంతపు రెండు శతాబ్దాల చరిత్రను పరిశీలిస్తే మాత్రం ఈ అభిప్రాయం నిలవదు. ఇక్కడ కావలి అన్నది మొదట ఊరి పనిగా ఉండి, తరువాత సర్కారు పనిగా మారి, అటుపైన సర్కారే దాన్ని కొంత కొంతగా ఊరికి తిరిగి ఇవ్వజూసిన వ్యవహారం. అయితే తిరిగి ఇచ్చినప్పుడు పనిని ఇచ్చారే తప్ప, ఆ పనికి ఒకప్పుడు జతగా ఉన్న మాన్యాన్నీ పూచీనీ ఇవ్వలేదు.

ఈస్టిండియా కంపెనీ పాలనకు ముందు ఈ సీమలో కావలి రెండు అంచెలుగా సాగేది. పై అంచెలో పాళెగాళ్లు ఉండేవారు. నరగంటి, కల్లూరు, పులిచెర్ల, బంగారి, మొగరాల వంటి చిత్తూరు పాళెంల అధిపతులు తమ బంట్లతో దారులనూ కనుమలనూ కాపాడుతూ, అందుకు ప్రతిఫలంగా ఊళ్ల నుంచి కావలి రుసుం వసూలు చేసుకొనేవారు. రుసుం అందని చోట కాపాడవలసిన బంట్లే దోచుకొనేవారన్న మాట కంపెనీ అధికారుల రాతల్లో తరచుగా కనిపిస్తుంది. అందులో అతిశయం కొంత ఉన్నా, అబద్ధమని పూర్తిగా తోసిపుచ్చడానికి వీలు లేదు. కింది అంచెలో తలారి ఉండేవాడు. తలారి అంటే ఊరి కావలివాడు. పంటకూ సొమ్ముకూ కాపలా కాయడం, ఊళ్లోకి వచ్చిన కొత్త ముఖాలను గమనించడం, దొంగల జాడ తీయడం అతని పనులు. ఇందుకుగాను అతనికి మాన్యం, అంటే పన్ను లేకుండానో తక్కువ పన్నుతోనో అనుభవించే భూమి ఉండేది. దానికి తోడు కళ్లంలో ప్రతి రైతూ కొలిచి ఇచ్చే మేర, అంటే ధాన్యపు వాటా, అందేది. పోయిన సొమ్ము జాడ తీయలేకపోతే కావలివాడే దాన్ని భర్తీ చేయాలన్న కట్టుబాటు దక్షిణాదిలో విస్తారంగా ఉండేది. ఆచరణలో అది ఎంతవరకు అమలయ్యేదన్న చర్చ ఎలా ఉన్నా, కావలికి పూచీ ఉండాలన్న భావన మాత్రం జనంలో స్థిరంగా ఉండేది.

1812లో బ్రిటిష్ పార్లమెంటు ముందుకు వచ్చిన ఐదవ నివేదిక గ్రామోద్యోగులను వివరిస్తూ తలారినీ తోటినీ వేరు చేసి చూపుతుంది: తోటి పని ఊరి పొలిమేరకు లోపల, పంట చుట్టూ తిరిగేది కాగా, నేరాల సమాచారం సేకరించడమే కాక, ఒక ఊరి నుంచి మరొక ఊరికి పోయే బాటసారులను వెంట ఉండి సాగనంపడం కూడా తలారి విధి. తిరుపతి దారుల విషయంలో ఈ చివరి మాటకు ప్రత్యేకమైన విలువ ఉంది. రైలు రాకముందు నాలుగు దిక్కుల నుంచీ కొండకు నడిచివచ్చే యాత్రికుల గుంపులు మొక్కుబడి ముడుపులతో అడవి దారులు దాటవలసి వచ్చేది. ముడుపు మూటను పొలిమేర దాకా కాపాడి పక్క ఊరి తలారికి అప్పగించే ఆ ఏర్పాటే ఈ సీమలో యాత్రికుల రక్షణకు తొలి రూపం అనుకోవచ్చు.

1801లో ఆర్కాటు నవాబుతో కుదిరిన ఒప్పందం ద్వారా కర్ణాటక ప్రాంతం కంపెనీ చేతికి వచ్చింది. చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాకు కేంద్రస్థానమై, 1911లో చిత్తూరు జిల్లా వేరుగా ఏర్పడే వరకు అలాగే కొనసాగింది. పాళెగాళ్ల కావలి హక్కులను కంపెనీ రద్దు చేసింది. ఎదురుతిరిగినవారిని 19వ శతాబ్దపు తొలి సంవత్సరాల్లోనే సైన్యం దించి అణచివేసింది. ఊరి కావలి స్థానంలో 1802 నాటి చట్టం బెంగాలు నమూనాలో దరోగాలను ప్రవేశపెట్టింది. దరోగా అంటే జిల్లా జడ్జి కింద పనిచేసే జీతపు పోలీసు అధికారి. ఊరి భాష, బంధుత్వాలు, కక్షలు తెలియని ఈ అధికారి నేరాన్ని పట్టుకోలేకపోగా, తానే కొత్త బెడద అయ్యాడు.

అంతకుముందు దత్త మండలాల కలెక్టరుగా పనిచేసి రాయలసీమ పల్లెలను ఎరిగిన థామస్ మన్రో ఈ పద్ధతిని గట్టిగా వ్యతిరేకించాడు. ఆయన అధ్యక్షుడుగా ఉన్న కమిషన్ సూచనల మీద వచ్చిన 1816 నాటి పదకొండవ రెగ్యులేషన్ దరోగాలను తొలగించి, పోలీసు అధికారాన్ని కలెక్టరుకూ తాసీల్దారుకూ అప్పగించి, వారి కింద ఊరి పెద్ద అయిన గ్రామ మునసబునూ తలారినీ మళ్లీ నిలబెట్టింది. సర్కారు తన వల్ల కాని కావలిని ఊరికి తిరిగి అప్పజెప్పిన తొలి సందర్భం ఇదే. అయితే దీన్ని ఊరి స్వాతంత్ర్యమని మురిసిపోవడానికి లేదు. చిన్నచిన్న తగాదాల్లో మునసబు నేరస్థుణ్ణి పన్నెండు గంటల వరకు సత్రంలో నిర్బంధించవచ్చునన్న ఆ రెగ్యులేషనే, నేరస్థుడు ‘తక్కువ కులం’ వాడైతే ఆరు గంటల వరకు బొండకొయ్యలో, అంటే కాళ్లు బిగించే కొయ్య చట్రంలో, ఉంచవచ్చునని చెప్పింది. ఊరి కావలి ఊరి కులవ్యవస్థ నుంచి వేరు కాదు; కొరడా ఎవరి చేతిలో ఉంటుందో బొండకొయ్య ఎవరి కాళ్లకు పడుతుందో అందరికీ ముందే తెలుసు.

పన్ను వసూలూ పోలీసు అధికారమూ ఒకే తాసీల్దారు చేతిలో ఉండడం వల్ల కలిగిన ఫలితాన్ని 1855 నాటి చిత్రహింసల విచారణ కమిషన్ బయటపెట్టింది. బకాయి రాబట్టడానికి రైతులను హింసించడం మద్రాసు రాజధాని జిల్లాల్లో మామూలుగా సాగుతోందని అది తేల్చింది. దానికి జవాబుగా వచ్చిన 1859 నాటి మద్రాసు జిల్లా పోలీసు చట్టం రెవెన్యూ నుంచి వేరైన యూనిఫారం పోలీసును సృష్టించింది. విలియం రాబిన్సన్ ఆ శాఖకు తొలి అధిపతి అయ్యాడు. ఈనాడు చిత్తూరులోనూ తిరుపతిలోనూ కనిపించే స్టేషను, సూపరింటెండెంటు, కానిస్టేబులు అనే అమరికకు మూలం ఈ చట్టంలోనే ఉంది. తలారి మాత్రం ఈ శాఖలో చేరలేదు. మునసబు చేతి కిందనే ఉండి, నేరం జరిగితే రిపోర్టు పట్టుకొని స్టేషనుకు నడిచిపోయే మనిషిగా మిగిలాడు. ఊరిని చూసే కన్ను ఒక శాఖలోనూ, లాఠీ మరొక శాఖలోనూ ఉండిపోయాయి. సామాజిక పోలీసింగ్ పేరుతో తరువాత జరిగినదంతా ఈ ఎడాన్ని పూడ్చే ప్రయత్నమే.

స్వాతంత్ర్యం తరువాత ఊరి ఉద్యోగాల పునాదులు ఒక్కొక్కటిగా కదిలాయి. గ్రామోద్యోగాలకు వారసత్వాన్ని అర్హతగా చూడడం రాజ్యాంగ విరుద్ధమని గాజుల దశరథరామారావు కేసులో సుప్రీంకోర్టు 1960 డిసెంబరులో తీర్పు చెప్పింది. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం మునసబు, కరణం పదవులను ఒక్క ఆర్డినెన్సుతో రద్దు చేసింది. వంశపారంపర్య పెత్తనం పోవడం న్యాయమే. తలారి గ్రామ సేవకుడుగా రెవెన్యూ శాఖలో కొనసాగాడు గాని, మునసబు లేకపోవడంతో అతని పోలీసు విధికి ఆధారం లేకుండా పోయింది. పల్లెకూ స్టేషనుకూ నడుమ ఉన్న ఆ పాత దారి మూతపడిందని అప్పట్లో గుర్తించినవారు తక్కువ.

స్వచ్ఛంద సేవ అన్న ఆధునిక భావన వేరొక దారిన వచ్చింది. 1946 డిసెంబరులో బొంబాయిలో మతకల్లోలాల నడుమ మొదలైన హోంగార్డు దళాన్ని అనుసరించి మద్రాసు రాష్ట్రం 1948లో చట్టం చేసింది; 1962 చైనా యుద్ధం తరువాత కేంద్రం ప్రోత్సాహంతో ఈ దళాలు దేశమంతటా బలపడ్డాయి. వేరే వృత్తి ఉన్న పౌరుడు తీరిక వేళల్లో పోలీసుకు సాయపడి, పని చేసిన రోజుకు భత్యం తీసుకోవడం దీని మూలసూత్రం. కాలక్రమంలో ఇది తలకిందులైంది. కూడళ్లలో ట్రాఫిక్కును నడిపే హోంగార్డుకు ఇప్పుడు అదే జీవనోపాధి. ఉద్యోగాన్ని క్రమబద్ధం చేయాలన్న కోరిక వారి సంఘాల నుంచి పదే పదే వినిపిస్తూనే ఉంది. మాన్యం లేని కావలి చివరకు జీతం అడగక తప్పదు.

పౌరుల కమిటీల విషయంలో పొరుగు ప్రభావం స్పష్టం. 1993లో తమిళనాడు రామనాథపురం జిల్లాలో ప్రతీప్ వి. ఫిలిప్ అనే పోలీసు అధికారి ‘ఫ్రెండ్స్ ఆఫ్ పోలీస్’ అనే పౌర స్వచ్ఛంద దళాన్ని ప్రారంభించాడు. 2000 దశకం తొలినాళ్లకు ఆంధ్రప్రదేశ్ పోలీసు ‘మైత్రీ’ పేరుతో స్టేషన్ల స్థాయిలో పౌర కమిటీలను ఏర్పరిచింది. పండుగలకు ముందు శాంతి సమావేశాలు జరపడం, కాలనీల్లో గస్తీకి యువకులను పురమాయించడం, ఇంటి తగాదాలను కేసు దాకా పోనివ్వకుండా సర్దుబాటు చేయడం వీటికి ఉద్దేశించిన పనులు. వీటితోపాటు పోలీసు శాఖ అమలు చేసిన ‘పల్లె నిద్ర’, అంటే అధికారులు ఒక రాత్రి పల్లెలోనే గడిపి జనంతో మాట్లాడే కార్యక్రమం, ఈ ప్రయత్నాలన్నింటిలోకీ తెలివైనది. అధికారి పల్లెకు పోవడానికీ, పల్లెను స్టేషనుకు పిలిపించడానికీ చాలా తేడా ఉంది. కమిటీ సభ్యుల ఎంపిక స్టేషను అధికారి చేతిలో ఉన్నంతకాలం వాటిలో ఊరి పెద్దలు, వ్యాపారులు ఎక్కువగానూ, కూలీలు, ఆడవాళ్లు తక్కువగానూ ఉండే ప్రమాదం ఉంది. మునసబు నాటి ఊరి పొందిక మరో వేషంలో తిరిగి రావడానికి ఇది తావిస్తుంది.

తిరుపతి సంగతి వేరు. ఇక్కడ పోలీసు చూడవలసిన జనంలో అధికభాగం నగరవాసులు కారు. ఒకటి రెండు రోజులుండి వెళ్లిపోయే యాత్రికులు. 1801 నుంచి 1843 వరకు ఆలయ పాలన నేరుగా కంపెనీ చేతిలోనే ఉండగా, తరువాత అది హాథీరాంజీ మఠం మహంతులకూ, 1933లో దేవస్థానం కమిటీకీ మారింది. 1944లో తొలి ఘాట్ రోడ్డు తెరుచుకున్న తరువాత కొండ మీది రద్దీ రూపమే మారిపోయింది. బ్రహ్మోత్సవాల వేళ స్కౌట్లు, ఎన్.సి.సి. విద్యార్థులు పోలీసుతో కలిసి పనిచేయడం ఇక్కడ ఆనవాయితీ. 2000లో దేవస్థానం ప్రారంభించిన శ్రీవారి సేవ దేశం నలుమూలల నుంచి భక్తులను వారం పాటు సేవకులుగా రప్పిస్తున్నది. వీరు పోలీసు సేవకులు కారు. అయినా వరుసలను సర్దడంలో, దారి చూపడంలో ఒకప్పటి తలారి బాటసారికి చేసిన పనికి దగ్గరి పని చేస్తున్నారు. కాని ఈ సేవకు పరిమితి ఉంది. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం గుమిగూడిన జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు మరణించారు. సేవాభావం ఎంత ఉన్నా జనప్రవాహాన్ని లెక్కగట్టి నడిపే శాస్త్రం వేరుగా ఉండాలని ఆ ఘటన తెలిపింది.

ఇటీవలి కాలపు మార్పుల్లో రెండు గమనించదగ్గవి. 2019 అక్టోబరులో మొదలైన గ్రామ, వార్డు సచివాలయాల్లో నియమితులైన మహిళా సంరక్షణ కార్యదర్శులను 2021లో మహిళా పోలీసులుగా గుర్తించారు. మునసబు, తలారి వ్యవస్థ చెదిరిన దాదాపు నాలుగు దశాబ్దాల తరువాత పల్లెకు తిరిగి ఒక పోలీసు మనిషి, అదీ స్త్రీ, దక్కడం చిన్న మార్పు కాదు. రెండవది దండోరా స్థానంలోకి ఫోను రావడం. ఊరు విడిచి వెళ్లేవారు ముందుగా తెలిపితే పోలీసులు తాళం వేసిన ఇంట్లో కెమెరా అమర్చి నిఘా ఉంచే పద్ధతి, పోయిన సెల్‌ఫోన్లను వాట్సాప్ ఫిర్యాదు మీద వెతికి ఇచ్చే మేళాలు ఇక్కడి జనానికి ఇప్పుడు పరిచితమే. పోయిన సొమ్మును తిరిగి తెచ్చి ఇవ్వడమే కావలికి కొలమానమన్న పాత ఊరి న్యాయం ఈ మేళాల్లో మళ్లీ తొంగిచూస్తున్నది. భర్తీ చేసే పూచీ మాత్రం ఎవరి మీదా లేదు.

మళ్లీ పౌర కమిటీల విషయానికి వస్తే, కేరళ 2008లో ‘జనమైత్రి సురక్ష’ అనే సామాజిక పోలీసింగ్ పథకాన్ని మొదలుపెట్టి, మూడేళ్లకే 2011 నాటి తన పోలీసు చట్టంలో పౌర సంపర్క సమితులకు చోటు కల్పించింది. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం మైత్రీ కమిటీల మనుగడ స్టేషను అధికారి ఆసక్తి మీద ఆధారపడి ఉంటుంది. అధికారి బదిలీ అయితే కమిటీ పేరు మిగిలి, పని ఆగిపోవడం సహజం.

1984కు ముందు మునసబు రిపోర్టుతో పుత్తూరుకో పాకాలకో పుంగనూరుకో నడిచిపోయిన తలారులలో ఆనాడు పాతికేళ్ల ప్రాయంలో ఉన్నవారికి ఇప్పుడు అరవై అయిదు దాటి ఉంటాయి. వారి కుటుంబాలకు ఉండిన మాన్యాల వివరాలు 1858లో మొదలైన ఇనాం కమిషన్ రిజిస్టర్లలో ఉన్నాయి. వారి జ్ఞాపకాలు మాత్రం ఏ రిజిస్టరులోనూ లేవు. ఊరి చరిత్ర రాసే విద్యార్థులూ ఉపాధ్యాయులూ వాటిని ఇప్పుడే అడిగి రాసి పెట్టుకోవాలి.