జాజు, సున్నం, ముగ్గు: ఆవని సీమలో ఇంటి చిత్రణ పుట్టుపూర్వోత్తరాలు

కోలారు జిల్లా ముళబాగిలు తాలూకాలోని ఆవని, పదో శతాబ్ది నాటికి నొళంబ రాజుల ఏలుబడిలో రామలింగేశ్వరాలయ సముదాయంతో వర్ధిల్లిన శైవక్షేత్రం. రామలక్ష్మణ భరత శత్రుఘ్నుల పేర వెలసిన అక్కడి గుళ్ల గురించీ శాసనాల గురించీ పండితులు విస్తారంగా రాశారు గానీ, తెలుగూ కన్నడమూ కలగలిసిన ఆ సీమ పల్లెల్లో ఆడవాళ్లు అరుగులమీదా గోడలమీదా జాజుతో, సున్నంతో తీర్చే చిత్రణకు ఆ గౌరవం దక్కలేదు.

జాజు అంటే ఇనుము పాలు ఎక్కువగా ఉండే ఎర్రమన్ను. దాన్ని నీళ్లలో నానబెట్టి, చిక్కబడ్డాక గుడ్డ ముంచి, పేడతో అలికిన గోడ అడుగుభాగాన పట్టీలా పూసి, తడి ఆరిన తరవాత సున్నపు నీటితో దానిపై గీతలూ చుక్కలూ పెడతారు. ఈ పట్టీ గోడ అడుగునే ఉండటానికి కారణం కేవలం అందం కాదు. చూరునుంచి పడే వానచినుకులు నేలను తాకి ఎగిరి మట్టిగోడను మొదట తినేది అక్కడే గనుక, పండుగకు ముందు ఆ చోటును మెత్తి అలకక తప్పేది కాదు. ఇంటి మరమ్మతు వెంటే అలంకరణ పుట్టిందనడం సమంజసం. సంక్రాంతి, ఉగాదులతోపాటు, రథోత్సవమూ పశువుల సంతా జరిగే ఆవని శివరాత్రి కూడా ఇళ్లు తీర్చుకునే అదనే.

నేలమీది ముగ్గుకు మాత్రం లిఖితసాక్ష్యం దొరుకుతుంది. పశ్చిమ చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్ది తొలి భాగంలో రచించిన మానసోల్లాసం చిత్రభేదాలను చెబుతూ, పొడి రంగులతో నేలమీద వేసే ధూళిచిత్రాన్ని ప్రత్యేకంగా పేర్కొంది. చుక్కలు ముందుగా పెట్టి, వాటిని తాకకుండా చుట్టూ గీతను తిప్పుతూ బయలుదేరిన చోటికే చేర్చే మెలికల ముగ్గు, గుళ్లలోని ఉలి పనికి అనుకరణ కాదు. వేళ్ల సందునుంచి జారే పిండి నడకే దానికి రూపమిచ్చింది.

నార్వే జానపద చిత్రణ రోసెమాలింగ్ ఇందుకు దాదాపు తలకిందులు. చర్చిల్లో కొయ్యమీద చెక్కిన ఆకుల తీగలను చూసి, 18వ శతాబ్దంలో టెలెమార్క్, హాలింగ్‌డాల్ లోయల చిత్రకారులు వాటిని పెట్టెలమీదికీ గోడలమీదికీ నూనెరంగుల్లో దింపారు. ఇంటి నడుమ రాజేసే పొయ్యి స్థానంలో పొగగొట్టమున్న పొయ్యి వచ్చి, గోడలకు మసి పట్టడం తగ్గాకే అక్కడ చిత్రణ విస్తరించింది. ఎక్కువగా మగవాళ్లే ఊరూరా తిరిగి వేసిన ఆ పెట్టెలమీద పేరూ సంవత్సరమూ ఉండేవి కనుక, వాటి చరిత్రను వరుసగా చెప్పడం సాధ్యమైంది. ఏటా కొత్తగా పూసుకునే జాజుకు సంతకం అక్కరలేకపోయింది.

మళ్లీ కోలారు సీమకు వస్తే, 1880లో జాన్ టేలర్ కంపెనీ చేతికి వచ్చిన బంగారు గనుల కార్మికుల లైను ఇళ్లలో ముగ్గూ, తమిళ కార్మికుల కోలమూ పక్కపక్కన సాగాయి. గోడలు సిమెంటువయ్యాక అలుకుడు అవసరం తీరిపోయి, దాంతోపాటు జాజు పట్టీ కూడా మరుగున పడుతోంది. గడపమీద పసుపు రంగు ఎనామిల్ పూసి, పండుగ పండుగకూ మారే ముగ్గును ఒక్కసారే శాశ్వతంగా వేయించుకోవడం ఇప్పటి వాడుక.