బొబ్బలు కట్టిన చేతులు

అలిపిరి పాదాల మండపంలో శ్రీవారి లోహపు పాదుకలు నెత్తిన పెట్టుకుని ప్రదక్షిణ చేసి, ఆ తర్వాతే మెట్లెక్కేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. స్వామి రోజూ రాత్రి తిరుచానూరు అమ్మవారి దగ్గరికి దిగి వెళ్తాడని, ఆ నడకకు చెప్పులు అరిగిపోతాయని, కొత్త జత కుట్టి ఇచ్చే భాగ్యం తోలు పనివాళ్లదని చెబుతారు. అంత భాగ్యం ఉన్న కులమే అలిపిరి దాటి పైకి పోకూడని కాలం ఒకటుండేది.

ఆ కులంవాడే ఎర్రగుంట్ల పేరయ్య. ఊరు మాత్రం ఇక్కడ కాదు, ఒంగోలుకు పడమటి పల్లె. తోళ్ల వ్యాపారం మీద దూరదూరాలు తిరిగాడు. రాజయోగ గురువుల దగ్గర కూర్చున్నాడు. చివరికి 1866లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జ్యూయెట్ చేత భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. తిరిగొచ్చి తనవాళ్లకు చెప్పడం మొదలుపెట్టాడు.

చేరేవాళ్లకు అదే మిషన్‌కు చెందిన జాన్ ఎవరెట్ క్లౌ దొర మూడు మాటలు చెప్పేవాడు. ఆదివారం పని చేయొద్దు. చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు. విగ్రహాలకు మొక్కొద్దు. వినడానికి ఇంతే. కానీ ఊళ్లో గొడ్డు చస్తే దాన్ని లాక్కెళ్లడం మాదిగల పని, ఆ మాంసం వాళ్ల కూలిలో భాగం. జాతరలో డప్పు కొట్టడం వాళ్ల విధి. ఆదివారమని కాపు పిలుపు ఆగదు. మూడు మాటలూ పాటిస్తే ఊరితో వందల ఏళ్ల లెక్క తెగిపోతుంది. పాటించినవాళ్లకు అదే జరిగింది. పొలాల్లోకి రానివ్వలేదు, బావుల దగ్గరికి పోనివ్వలేదు, అంగట్లో సరుకు ఇవ్వలేదు.

రక్షణ విశ్వాసం వల్లనే, క్రియల వల్ల కాదని పౌలు బోధ. క్రియలు లేని విశ్వాసం చచ్చినదేనని యాకోబు. ఈ యాకోబు పత్రికను మార్టిన్ లూథర్ చిన్నచూపు చూశాడు. పండితులకు ఈ తగువు తీరేది కాదు. మాదిగపల్లెలో అసలు పుట్టలేదనే నాకనిపిస్తుంది. లోపల నమ్మి, బయట యథాప్రకారం డప్పు కొట్టే వెసులుబాటు వాళ్లకెక్కడిది? కొట్టనని చెప్పడమే నమ్మకం.

తర్వాత ధాత కరువు వచ్చింది. 1876లో మొదలై 1878 దాకా మద్రాసు రాజధానిని ఊడ్చేసింది. క్లౌ దొర మిషనరీ కాకముందు అమెరికాలో భూములు కొలిచినవాడు. బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకున్నాడు. బోధకులే మేస్త్రీలయ్యారు. వేలమంది మట్టి తట్టలెత్తి కడుపు నింపుకున్నారు. సాయంత్రాలు వాక్యం వినేవారు. బాప్తిస్మం ఇమ్మని అడిగేవారు.

ఆయన ఇవ్వలేదు. ఏడాదికి పైగా ఒక్కరికీ ఇవ్వలేదు.

ఇక్కడే చిక్కు. బాప్తిస్మం ప్రభువు ఆజ్ఞ అని నేర్పినవాడే, ఆజ్ఞ పాటిస్తామని వచ్చినవాళ్లను ఆపాడు. కూటి కోసం మునిగినవాడి మునక చెల్లదని ఆయన భయం. న్యాయమైన భయమే. ఆకలితో ఉన్నవాడి భక్తిని కడుపు నిండినవాడు తూచడంలో ఒక ఎబ్బెట్టుతనమూ ఉంది.

1878 జూన్‌కు కరువు సాయం డబ్బు అయిపోయింది. ఒంగోలులో మశూచి ఉందని, జనాన్ని గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లికి రమ్మన్నాడు. వేలల్లో వచ్చారు. ఇవ్వడానికి ఏమీ లేదు, ఇళ్లకు పొమ్మన్నాడు. వాళ్లు కదల్లేదు. డబ్బు అడగడం లేదని, కష్టపడే బతుకుతున్నామని, దానికి తమ చేతుల బొబ్బలే సాక్ష్యమని, వచ్చే పంట పోతే చస్తామని, క్రైస్తవులుగా చస్తామని అన్నారట. దొర తన జ్ఞాపకాల్లో రాసుకున్న సంగతి ఇది. ఆ మాటకు ఆయన దగ్గర జవాబు లేకపోయింది.

జూలై 2న 614 మంది బాప్తిస్మం పొందారు. మర్నాడు 2,222 మంది. 4వ తేదీన 700. మూడు రోజుల్లో 3,536. జూలై 3న నీళ్లలో ఒకసారికి ఇద్దరు బోధకులు దిగారు. వాళ్లు అలిసిపోతే ఇంకో ఇద్దరు. మొత్తం ఆరుగురు, అందరూ తెలుగువాళ్లే. దొర ఆ రోజు నీళ్లలో దిగలేదు, ఒడ్డున ఉండి ఏర్పాట్లు చూశాడు. చదివేవాళ్లు ఈ సంఖ్య దగ్గరే ఆగిపోతారు. అప్పట్లో ‘అన్నం క్రైస్తవులు’ అని వెక్కిరించినవాళ్లూ అక్కడే ఆగారు. అన్నం అయిపోయాక వచ్చినవాళ్లని గమనించినవాళ్లు తక్కువ.

జూలై 3 బుధవారం. ఆ తర్వాత వచ్చే ఆదివారం 7వ తేదీ. పల్లెకు చేరినవాణ్ణి కాపు ఆ ఆదివారం పనికి పిలిస్తే, పోవాలో వద్దో వాడే తేల్చుకోవాలి. నదిలో పక్కన నిలబడ్డ బోధకుడు అక్కడ ఉండడు.