ఇద్దరికి ఒకే అంకె వేస్తే ఓటు ఏమవుతుంది?

టేకులపల్లి మండలం అసెంబ్లీకి ఇల్లందు ఎస్టీ రిజర్వుడు నియోజకవర్గంలో ఉంది. అక్కడ డిగ్రీ చదివిన దళిత, ఆదివాసీ యువత శాసనమండలికి ఓటు వేసేది మాత్రం వరంగల్–ఖమ్మం–నల్లగొండ పట్టభద్రుల స్థానంలో. రాజ్యాంగం 332వ అధికరణం శాసనసభలోనే సీట్లు రిజర్వు చేసింది, మండలికి ఆ ఏర్పాటు లేదు. రిజర్వేషన్ లేని చోట మన రెండో, మూడో ప్రాధాన్యతలకు విలువ ఎక్కువ. అవి ఎక్కడ జారిపోతున్నాయన్నదే ఇక్కడ మా ప్రశ్న.

2024 మే 27 ఉప ఎన్నికలో 52 మంది పోటీపడ్డారు. పోలైన దాదాపు 3.36 లక్షల ఓట్లలో 25 వేలకు పైగా చెల్లలేదు. చెల్లిన ఓట్లలో సగం కన్నా ఒకటి ఎక్కువ, అంటే కోటా, మొదటి ప్రాధాన్యతతో ఎవరికీ రాలేదు. ఎలిమినేషన్ మొదలైంది.

1961 ఎన్నికల నిర్వహణ నియమాల ప్రకారం '1' ఇద్దరికి వేస్తే బ్యాలెట్ మొత్తం చెల్లదు. '1' ఒక్కరికే వేసి '2' ఇద్దరికి వేస్తే ఓటు చెల్లుతుంది, కానీ మొదటి అభ్యర్థి ఎలిమినేట్ కాగానే ఆ పేపరు అక్కడే ఆగిపోతుంది. ఆ ఇద్దరిలో ఒకరు అప్పటికే పోటీ నుంచి తప్పుకున్నా రెండోవారికి అది చేరదు. ఇది మాకు మరీ కఠినంగా అనిపిస్తుంది, ఎందుకంటే ఓటరు ఉద్దేశం అప్పుడు స్పష్టంగానే ఉంది. 1 తర్వాత 2 వదిలేసి 3 వేసినా ఇదే గతి. ఆస్ట్రేలియా ప్రతినిధుల సభ ఎన్నికల్లోనైతే అంకె రెండుసార్లు పడితే ఓటే చెల్లదు. కండోర్సే తరహా పద్ధతుల్లో సమాన ర్యాంకు ఇవ్వొచ్చు, ఆ ఇద్దరి మధ్య పోలికలో ఆ ఓటు ఎటూ మొగ్గదు, అంతే.

అభ్యర్థులే అట్టడుగున సమానంగా నిలిస్తే ముందు మొదటి ప్రాధాన్యత ఓట్లు చూస్తారు. ఎలాగూ తేలకపోతే చివరికి లాటరీ.

'నాకు ఇద్దరూ సమానమే' అనుకునేవాళ్లు ఒకరికి 2, మరొకరికి 3 వేయాలి. 2 పొందినవారు పోటీలో ఉన్నంతసేపు 3ను ఎవరూ లెక్కపెట్టరు. కాబట్టి 3 వేయడం వల్ల 2కు నష్టం లేదు.