హైదరాబాద్‌లో పచ్చని పైకప్పులు: స్లాబు ఎంత మోస్తుంది, నీరెక్కడిది?

పచ్చని పైకప్పు అంటే మిద్దె మీద నాలుగు పూలకుండీలు పెట్టుకోవడం కాదు. స్లాబుపై నీరు దిగకుండా ఒక పొర, వేళ్లు చొరబడకుండా మరొకటి, మిగులు నీరు పారేందుకు ఇంకొకటి వేసి, ఆపైన తేలికపాటి మట్టి మిశ్రమం పరిచి మొక్కలు పెంచుతారు. కింది గదికి వేడి తగ్గుతుంది. వాననీరు కొంత ఆగి, నెమ్మదిగా కాలువకు చేరుతుంది. వేసవి రాత్రుల్లోనూ ఆఖరి అంతస్తు సెగలు కక్కే హైదరాబాద్‌కు, గంట వానకే రోడ్లు మునిగే హైదరాబాద్‌కు ఈ రెండూ కావాలి.

మొదటి అడ్డంకి బరువు. భారత ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం, మనుషులు తిరిగే పైకప్పును చదరపు మీటరుకు సుమారు 150 కిలోల అదనపు భారానికి డిజైన్ చేస్తారు. ఎక్కే వీలు లేనిదైతే అందులో సగమే. నీళ్లు పీల్చిన మామూలు మట్టి ఒక్కో సెంటీమీటరు మందానికి చదరపు మీటరుకు 18 నుంచి 20 కిలోలు తూగుతుంది. పది సెంటీమీటర్లు పరిస్తే చాలు, మనిషి కాలు పెట్టకముందే ఆ పరిమితి దాటిపోతుంది. కొబ్బరిపొట్టు కలిపి బరువు తగ్గించవచ్చు గానీ, పలచని పొర మే నెల ఎండకు త్వరగా ఆరిపోతుంది. ‘పైన ఇంకో అంతస్తు వేసేలా కట్టాం’ అన్న ధీమా పిల్లర్లకు, పునాదికి సంబంధించినది. స్లాబుకు అది హామీ కాదు.

నగరంలో ఇప్పటికే కనిపించే మిద్దెతోటలు ఈ చిక్కును మరోలా దాటాయి. కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి వంటివారు ప్రచారంలోకి తెచ్చిన ఈ పద్ధతిలో మట్టి స్లాబంతా పరుచుకోదు; మడుల్లో, తొట్లలో ఉంటుంది. బరువైన వాటిని బీములు, పిల్లర్ల మీదుగా అమర్చుకోవచ్చు. కూరగాయలు దక్కుతాయి. అయితే మడుల మధ్య ఖాళీ స్లాబు ఎండకు కాలుతూనే ఉంటుంది కాబట్టి, ఇంటిని చల్లబరిచే విషయంలో దీన్ని పచ్చని పైకప్పుతో సమానంగా లెక్కించలేం.

నీటి లెక్క ఇంకా కఠినం. మండువేసవిలో చదరపు మీటరు పచ్చదనానికి రోజుకు నాలుగైదు లీటర్లు కావాలి. వంద చదరపు మీటర్లకు 400 నుంచి 500 లీటర్లు. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లన్న జాతీయ ప్రమాణంతో చూస్తే ఇది ముగ్గురి వాడకం. నగరానికి ఏటా పడే సుమారు 800 మిల్లీమీటర్ల వానలో ఎక్కువ భాగం జూన్, అక్టోబర్ మధ్యదే. ట్యాంకర్ నీళ్లతో తోట పెంచడం దండగ. స్నానాల, బట్టల నీటిని శుద్ధిచేసి వాడే ఏర్పాటు ఉన్న భవనాలకే ఇది కుదురుతుంది.

అపార్ట్‌మెంట్లలో మిద్దె అందరిదీ. ఉడికేది, కారితే తడిసేది మాత్రం పైఅంతస్తు వాళ్ల ఇల్లే. పైగా ట్యాంకులు, సోలార్ పలకలు అదే జాగా కోసం పోటీపడతాయి.

తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం తెల్లపూత, తెల్ల టైల్స్ వంటి పద్ధతులపైనే ప్రధానంగా ఆధారపడింది. 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్లు, అందులో 200 హైదరాబాద్‌లోనే అన్నది దాని లక్ష్యం. పూతకు బరువు లేదు, నీరు అక్కర్లేదు. దుమ్ము పట్టినప్పుడు కడగాలి, కొన్నేళ్లకు మళ్లీ వేయాలి. పాత ఇళ్లకు, రేకుల ఇళ్లకు అదే దారి. పచ్చని పైకప్పుకు చోటున్నది కొత్తగా లేచే ఆసుపత్రులు, ఆఫీసులు, పెద్ద సముదాయాల్లో. టొరంటో 2009లో చేసిన నిబంధన కూడా 2,000 చదరపు మీటర్లు దాటిన కొత్త భవనాలకే వర్తించేది. అక్కడ స్లాబు పోయకముందే మట్టి బరువు డ్రాయింగులోకి చేరుతుంది.