గిఫ్ట్ అంటే కానుకే కాదు.. జర్మనీలో విషం, స్వీడన్‌లో పెళ్లి! ఒకే పదానికి ఇన్ని అర్థాలా?

బర్త్‌డే గిఫ్ట్, రిటర్న్ గిఫ్ట్, గిఫ్ట్ కార్డ్.. మనం రోజూ వాడే మాటే. కానీ ఇదే మాట జర్మనీలో ఏదైనా డబ్బా మీద కనిపిస్తే మాత్రం జాగ్రత్త. అక్కడ గిఫ్ట్ అంటే విషం! స్పెల్లింగ్ కూడా సేమ్, అవే నాలుగు అక్షరాలు. చదువు, ఉద్యోగాల కోసం జర్మనీ వెళ్లే మనవాళ్లు ముందే తెలుసుకోవాల్సిన మాట ఇది.

జర్మనీలో ఎలా వాడతారు?

ఎలుకల మందును రాటెన్‌గిఫ్ట్ అంటారు. పాము విషాన్ని ష్లాంగెన్‌గిఫ్ట్ అంటారు. ప్రమాదకరమైన రసాయన వ్యర్థాలు గిఫ్ట్‌మ్యూల్. ‘విషపూరితం’ అని చెప్పాలంటే గిఫ్టిగ్. మరి మనం ఇచ్చే కానుకను ఏమంటారు? గెషెంక్. జర్మన్ ఫ్రెండ్‌కి ఇచ్చే ప్యాకెట్ మీద ఈ మాట రాస్తే ఏ గొడవా ఉండదు.

స్వీడన్, నార్వే, డెన్మార్క్‌లో డబుల్ ట్విస్ట్

ఈ మూడు దేశాల్లో ఈ పదానికి రెండు అర్థాలున్నాయి. ఒకటి విషం. రెండోది ‘పెళ్లయింది’. స్వీడన్‌లో ఏదైనా ఫారంలో వివాహ స్థితి దగ్గర ఈ మాట ఉంటే పెళ్లయినవాళ్లు టిక్ పెట్టాలన్నమాట. స్వీడన్, నార్వే వాళ్లు దీన్ని దాదాపు ‘యిఫ్ట్’ అని పలుకుతారు. పెళ్లికి, విషానికి ఒకే మాట ఉండటం మీద అక్కడి వాళ్లు కూడా జోకులు వేసుకుంటారు.

పక్కనే ఉన్న నెదర్లాండ్స్‌లో గిఫ్ట్ అంటే విరాళం, కానుక. చివరి అక్షరం తీసేసి ‘గిఫ్’ అంటే మాత్రం విషం.

అసలు ఈ తేడా ఎలా వచ్చింది?

ఈ భాషలన్నీ ఒకే కుటుంబానికి చెందినవి. ‘ఇవ్వడం’ అనే పాత మూలం నుంచే ఈ మాటలన్నీ పుట్టాయి. పెళ్లిలో అమ్మాయిని ‘ఇవ్వడం’ నుంచి పెళ్లి అర్థం వచ్చింది. పాత ఇంగ్లీష్‌లోనూ ఈ పదం పెళ్లికి సంబంధించిందే. పెళ్లికూతురి కోసం ఇచ్చే సొమ్మును అలా పిలిచేవారు.

మరి విషం? గ్రీకులో ‘డోసిస్’ అంటే ఇవ్వడం. మనం మందుల విషయంలో వాడే ‘డోస్’ అక్కడి నుంచి వచ్చిందే. అదే పద్ధతిలో జర్మన్‌లోనూ ‘ఇచ్చిన మందు’ అనే అర్థం ఏర్పడి, చివరికి విషం దగ్గర ఆగింది. పాత అర్థం ఇంకా ఒక మాటలో మిగిలే ఉంది. జర్మన్‌లో కట్నాన్ని మిట్‌గిఫ్ట్ అంటారు, అంటే అమ్మాయితో పాటు ఇచ్చేది.

ఇది వింతగా అనిపిస్తే మన ‘మందు’నే చూడండి. జ్వరానికి వేసుకునేది మందు, బార్‌లో తాగేది మందు, పొలంలో కొట్టేది పురుగుల మందు, తుపాకిలో కూరేదీ మందే. తెలుగు కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇదీ అంతే తికమక!

జర్మనీ వెళ్తున్నారా? ఇవి గుర్తుంచుకోండి

* క్లీనింగ్ లిక్విడ్లు, పురుగుల స్ప్రేల మీద గిఫ్ట్, గిఫ్టిగ్ అనే మాటలు ఉంటే పిల్లలకు అందకుండా పెట్టండి.

* ఎర్ర అంచు ఉన్న డైమండ్ ఆకారంలో పుర్రె గుర్తు కనిపిస్తే భాష రాకపోయినా అది విషమనే అర్థం.

* ఫోన్ కెమెరాతో లేబుల్ ట్రాన్స్‌లేట్ చేసేటప్పుడు భాష జర్మన్ అని మీరే సెలెక్ట్ చేయండి.

* పొరపాటున ఎవరైనా మింగితే ఎమర్జెన్సీ నంబర్ 112. విషానికి సంబంధించిన ప్రత్యేక హెల్ప్‌లైన్లను అక్కడ గిఫ్ట్‌నోట్‌రూఫ్ అంటారు. పేరులో గిఫ్ట్ ఉంది కదా అని ఆఫర్ కాల్ అనుకోకండి, ప్రాణాలు కాపాడే నంబర్ అది!