శంషాబాద్‌లో ఆగినవాళ్ళూ, ఆగనివాళ్ళూ

మొన్నా మధ్య మా టీములో కుర్రాడొకడు సాయంత్రం ఆరింటికి నా డెస్కు దగ్గరికొచ్చి, "అన్నా, అమ్మానాన్నల ఫ్లైటు రాత్రి మూడున్నరకి. పదింటికల్లా అటు వెళ్ళిపోతాం. ఎయిర్‌పోర్టు దగ్గర తినడానికి మంచివి ఏమున్నాయి?" అని అడిగాడు. నేనేదో అన్నీ తెలిసినవాడిలా, "టెర్మినల్ దాకా ఎందుకు, శంషాబాద్ ఊళ్ళోకి పోండి. మెయిన్ రోడ్డు పొడుగునా తిండే" అనేశాను. వాడు ఆశ్చర్యంగా మొహం పెట్టి, "శంషాబాద్‌లో ఊరు కూడా ఉందా?" అన్నాడు.

ముందు నవ్వొచ్చింది. ఇంటికెళ్తూ ఆలోచిస్తే నవ్వు తగ్గింది. నేను ఆ ఊళ్ళో బండి ఆపి, దిగి, తిని ఎన్నేళ్ళయిందో నాకే లెక్క తేలలేదు. నెలకోసారి ఆ పక్కనుంచే పోతుంటాను మరి.

మాది బాలానగర్ దగ్గర పల్లెటూరు. (సనత్‌నగర్ పక్కనున్న ఫ్యాక్టరీల బాలానగర్ కాదండీ, పాలమూరు బాలానగర్. సీతాఫలాల్లో బాలానగర్ రకం అని వ్యవసాయ పుస్తకాల్లో రాసేది మా ఊరి పేరే. ఈ ఒక్క విషయంలో మాకు కాస్త పొగరు.) కాబట్టి శంషాబాద్ అంటే నాకు ఎయిర్‌పోర్టు కాదు. షాద్‌నగర్ దాటాక, సిటీ ఇంకా రాకముందు, బస్సు ఆగే చోటు.

పేరు సంగతి ముందు చెప్పేస్తాను. నిజాం తర్వాత నిజాం అంతటి వాళ్ళు అనిపించుకున్న పైగా నవాబుల బిరుదు 'షంషుల్ ఉమ్రా'. షంష్ అంటే అరబ్బీలో సూర్యుడు, అంటే అమీర్లలో సూర్యుడన్నమాట. ఆ బిరుదు మీదుగా వచ్చిందే శంషాబాద్. నిజాంకి గుర్రపు దళాలు పోషించి ఇచ్చినందుకు వాళ్ళకి జాగీర్లు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, ఊరికి పేరు మాత్రం మిగిలింది. పైగాల దస్తర్‌ఖాన్ల వైభవం గురించి హైదరాబాదులో చాలా కథలు చెప్తారు గానీ, శంషాబాద్ బజారు తిండికీ ఆ వైభవానికీ ఏం సంబంధం లేదని నా అభిప్రాయం. ఈ బజారుని పోషించింది నవాబులు కాదు, బండ్లు తోలేవాళ్ళు.

ఎలాగంటారా? చిన్న లెక్క. ఎడ్లబండి రోజుకి పాతిక, మహా అయితే ముప్పై కిలోమీటర్లు పోతుంది. చార్మినార్ నుంచి శంషాబాద్ ఇరవై కిలోమీటర్లకి కొంచెం అటూఇటూ. దక్షిణం నుంచి సరుకేసుకుని వచ్చే బండికి, ఇంకొక్క పూట నడిస్తే పట్నం. అలాంటి చోట ఎడ్లకి నీళ్ళు కావాలి, మనిషికి రొట్టె కావాలి. ఈ దారి ఎటూ పోని దారి కూడా కాదు, కర్నూలు మీదుగా బెంగుళూరు పోయే దారి. తర్వాత రోజుల్లో దానికే ఏడో నంబరు జాతీయ రహదారి అని పేరొచ్చింది. కాశీ నుంచి కన్యాకుమారి దాకా, అప్పట్లో దేశంలోకెల్లా పొడవైనది. (2010లో నంబర్లు మార్చినప్పుడు 44లో కలిసిపోయింది. మా నాయిన ఇప్పటికీ "సెవెన్" అనే అంటాడు.) రైలు కూడా ఉంది, కానీ స్టేషను పేరు శంషాబాద్ కాదు, ఉందానగర్. ఎమ్‌ఎమ్‌టీఎస్ అక్కడిదాకా వచ్చిందే 2023 ఏప్రిల్లో. అందుకని ఈ బజారుకి రోడ్డే తల్లీ తండ్రీ.

లారీలూ బస్సులూ వచ్చాక ఎడ్లు పోయాయి గానీ ఆగడం పోలేదు. తొంభైల్లో నేను చూసిన శంషాబాద్ ఇదీ: బస్సు ఆగీ ఆగకముందే కిటికీల కింద చేతులు. పల్లీలు, జామపళ్ళు, న్యూస్‌పేపర్లో చుట్టిన మిరపకాయ బజ్జీలు. దసరా ముందయితే గంపల్లో సీతాఫలాలు, అవి మా వైపు నుంచి వచ్చినవే. మా అవ్వ కిటికీలోంచి బేరమాడి, "మన కాడ దీంట్ల సగానికే ఇస్తరు" అని కొనకుండా వదిలేసేది. ఎదురుగా ఇరానీ హోటల్. ఇరాన్‌లోని యజ్ద్ వైపు నుంచి బొంబాయికీ, పుణేకీ, హైదరాబాదుకీ వలస వచ్చినవాళ్ళు పెట్టిన అలవాటు అది. రాతి పలక టేబుళ్ళు, గంటల తరబడి మరిగే డికాక్షను, వేరేగా మరిగే పాలు. ఆ అలవాటు పాతబస్తీ నుంచి రోడ్డు వెంటే పాక్కుంటూ ఇక్కడికీ వచ్చింది. నాయిన ఒక్క చాయ్ చెప్పి, సాసర్లో పోసి నాకిచ్చి, కప్పులోది తను తాగేవాడు. తాగుతున్నంతసేపూ కళ్ళు బస్సు మీదే. డ్రైవరు హారన్ కొడితే పరుగే.

ఆ బస్సుల్లో సగం మంది పాలమూరు లేబరు. దేశంలో ఎక్కడ డ్యామ్ కట్టినా మట్టి మోసింది వీళ్ళే. వాళ్ళు బజ్జీలు కూడా కొనేవాళ్ళు కాదు, మూటలోంచి జొన్నరొట్టె తీసి ఉల్లిగడ్డతో తినేవాళ్ళు. ఇప్పుడు అదే జొన్నరొట్టెని డైట్ అని మన గచ్చిబౌలిలో డబ్బులు పెట్టి తింటున్నాం :)

ఇక ఎయిర్‌పోర్టు. 2005 మార్చిలో శంకుస్థాపన, 2008 మార్చి 14న ప్రారంభోత్సవం. ఆ వారంలోనే బేగంపేట మూసేస్తారని ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఉద్యోగులు సమ్మె చేశారు. అయినా 23 తెల్లవారుజామున విమానాలు ఇటు వచ్చేశాయి. సుమారు 5,500 ఎకరాలు. మొదటి టెర్మినల్ ఏడాదికి కోటీ ఇరవై లక్షల మందికి సరిపోయేలా కట్టారు. 2023-24లో రెండున్నర కోట్ల మంది వాడారు.

అందరూ మాట్లాడేది ఈ అంకెల గురించే. తిండి గురించి ఎవరూ అనుకోనిది ఒకటి జరిగింది. బేగంపేట ఊరి మధ్యలో ఉండేది. మనిషిని విమానం ఎక్కించి, ఇంటికొచ్చి అన్నం తినొచ్చు. ఇప్పుడు పాతిక కిలోమీటర్లు. విమానాలేమో అర్ధరాత్రి తర్వాత. సాగనంపడానికి పదిమంది. ఆ పదిమందీ ఎక్కడో ఒకచోట తినాలి. అలా ఒకట్రెండేళ్ళ పాటు శంషాబాద్ బజారు రాత్రంతా మేలుకుంది.

నేను మొదటిసారి ఆన్‌సైట్ పోయింది 2008 ఏప్రిల్లోనే. ఒక సుమో, ఒక క్వాలిస్, మొత్తం పదకొండుమంది. మా వంశంలో విమానం ఎక్కుతున్న మొదటి మనిషిని నేను. టికెట్టు లేనివాళ్ళని లోపలికి రానివ్వరని ముందే విన్నాం కాబట్టి, అందరం కలిసి తినడం అంటూ జరిగితే శంషాబాద్‌లోనే జరగాలి. రాత్రి పదకొండుకి ఒక హోటల్లో మూడు టేబుళ్ళు కలిపారు. సప్లయర్ నీళ్ళ గ్లాసులు పెడుతూ, "అమెరికానా, గల్ఫా?" అని అడిగాడు. ఎయిర్‌పోర్టు వచ్చి నెల కూడా కాలేదు, అప్పటికే వాడికి ఆ ప్రశ్న అలవాటైపోయింది. నాయిన గొంతు కొంచెం పెంచి "అమెరికా" అన్నాడు. నా పళ్ళెంలో తనది కూడా ఒక ముక్క వేసి, "ఆడ ఎట్లుంటదో ఏమో, ఈడనే తిను" అన్నాడు.

పక్క టేబుల్ మీద నలుగురు. నా వయసే ఉంటుంది అతనికి, భార్య, చంటిపాప, ఒక ముసలాయన. వాళ్ళది గల్ఫ్ అని ఎవరూ చెప్పక్కర్లేదు. ఒకటే బిర్యానీ తెప్పించుకున్నారు. అతను తినలేదు, ముద్దలు కలిపి పాపకి పెట్టాడు. మా టేబుల్ దగ్గర జోకులు, ఫొటోలు. ఇద్దరం ఒకే రాత్రి, ఒకే గేటు గుండా పోతున్నాం. నేను హెచ్-1, తను ఏజెంటు దగ్గర తెచ్చిన అప్పు. తర్వాత పెద్ద పెద్ద ఎయిర్‌పోర్టుల్లో చాలాసార్లు తిన్నాను గానీ, ఆ పళ్ళెమే గుర్తుంది.

అన్నట్టు అరబ్బు దేశాల ప్రస్తావన వచ్చింది కాబట్టి. ఎయిర్‌పోర్టుకి శ్రీశైలం రోడ్డు వైపు నుంచి, అంటే పహాడీషరీఫ్ వైపు నుంచి కూడా దారుంది. చాంద్రాయణగుట్ట నుంచి అటు వస్తుంటే బర్కస్ తగులుతుంది. బ్యారక్స్ అన్న ఇంగ్లీషు మాటే బర్కస్ అయ్యింది. నిజాం సైన్యంలో పనిచేసిన యెమెన్ అరబ్బుల వారసులు ఉండే చోటు. మన నగరాన్ని ఊపేసిన మండీ అక్కడిదే. పెద్ద పళ్ళెంలో అన్నం, మీద మాంసం, నలుగురూ ఒకే పళ్ళెంలో తినడం. సాగనంపే గుంపులకి ఇంతకంటే తగిన తిండి ఉందా? ఎయిర్‌పోర్టుకి ఏ దిక్కు నుంచి వచ్చినా మండీ బోర్డులు కనబడడంలో వింతేం లేదు.

మళ్ళీ బజారుకి వద్దాం. 2008 నవంబరులో గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా ఔటర్ రింగ్ రోడ్డు తెరిచారు. 2009 అక్టోబరులో మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పదకొండున్నర కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్ వే. సిటీ నుంచి వచ్చే కారు ఊరు రాకముందే ఎడమకి తిరిగి ఎయిర్‌పోర్టుకి పోతుంది. ఔటర్ మీదొచ్చి బెంగుళూరు వైపు పోయేవాడికి (అంటే నాకు) ఊరు అసలు తగలనే తగలదు. మన భాషలో చెప్పాలంటే ట్రాఫిక్ ఇరవై రెట్లయింది, సర్వర్‌కి మాత్రం ఒక్క రిక్వెస్టూ రావడం లేదు.

ఇంకోటి కూడా ఉంది, 111 జీవో. 1996లో హిమాయత్‌సాగర్, గండిపేట చెరువుల పరీవాహకంలోని 84 గ్రామాల్లో నిర్మాణాలకి పరిమితులు పెట్టారు. శంషాబాద్ మండలంలో చాలా ఊళ్ళు అందులోవే. ఎయిర్‌పోర్టు వచ్చినా ఆ వైపు ఐటీ టవర్లు లేవలేదు, ఫంక్షన్ హాళ్ళూ, ఫామ్‌హౌసులూ వచ్చాయి. 2022లో ఆ ఆంక్షలు ఎత్తేస్తున్నామన్నారు, చెరువుల గతేంటన్న గొడవ ఇంకో రోజు మాట్లాడుకుందాం. అంటే మధ్యాహ్నం భోజనానికి గుంపులుగా వచ్చే మనలాంటి ఐడీ కార్డు జనాభా ఈ బజారుకి ఎప్పుడూ దొరకలేదు.

మరి బజారు ఎలా బతికింది? ఇది తేల్చుకుందామనే ఒక శనివారం వెళ్ళాను, ఉదయం ఆరింటి నుంచి రాత్రి దాకా. (మా ఆవిడ దృష్టిలో ఇది పిచ్చి. ఒక పూట తిండికి ఇంత పరిశోధనా అంది.)

చూసిందేంటంటే, విమానాల టైమ్‌టేబులే బజారు టైమ్‌టేబులు, కాకపోతే ఎక్కేవాళ్ళది కాదు, పని చేసేవాళ్ళది. పొద్దున నైట్ షిఫ్టు దిగిన సెక్యూరిటీ వాళ్ళు, లోడర్లు, హౌస్‌కీపింగ్ ఆడవాళ్ళు టిఫిన్ బండ్ల దగ్గర. ఇడ్లీ, మైసూర్ బజ్జీ, పూరీ. మీరు వెళ్తే ఆ సమయానికే వెళ్ళండి, ఎక్కడ గుంపుంటే అక్కడ నిలబడండి, పేరున్న బోర్డు వెతక్కండి. పదకొండు దాటితే బండ్లు ఉండవు. మధ్యాహ్నం క్యాబ్ డ్రైవర్లు, వాళ్ళకి అన్నం ఎక్కువ పెట్టేచోటు కావాలి. సాయంత్రం రోడ్డు పక్క పొయ్యి మీద చేత్తో తట్టే జొన్నరొట్టె, పక్కన పచ్చడో, బోటీ కూరో. నేను రెండు తిన్నాను, మూడోది పార్సిల్. రంజాన్ నెలయితే హలీం బట్టీలు (హైదరాబాదీ హలీంకి 2010లో జీఐ గుర్తింపు వచ్చింది). చాయ్ మాత్రం ఇరవై నాలుగ్గంటలూ.

మధ్యాహ్నం నా బల్ల మీదే కూర్చున్న డ్రైవరుది ఆ చుట్టుపక్కల ఊరే. మాటల్లో "మా చేను ఎయిర్‌పోర్టుల పోయింది సార్" అన్నాడు. ఎక్కడ అని అడిగాను. "రన్‌వే కిందనో, పార్కింగ్ కిందనో, నాకేం ఎర్క. రోజుకి నాలుగుసార్లు మా చేన్లకే పోతున్న, పార్కింగ్ టోకెన్ తీసుకొని" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు ముద్ద దిగలేదు కాసేపు. ఎయిర్‌పోర్టు వచ్చి శంషాబాద్ బాగుపడిందని మనం తేలిగ్గా అనేస్తాం. భూమి అమ్ముకోగలిగినవాళ్ళు బాగుపడ్డారు, నిజమే. సేకరణలో పోయినవాళ్ళది వేరే లెక్క. బజారుని నిలబెట్టింది మాత్రం రెండున్నర కోట్ల ప్రయాణికులు కాదు, ఈ బల్ల మీద అన్నం తినే మనిషే. అందుకే ఇక్కడ తిండి ఇంకా నాలుగు మెతుకులు ఎక్కువగానే పెడుతున్నారు, ఇంకా జేబుకి అందుతోంది.

ఆ తర్వాత నెలలో నాయినకి కంటి పరీక్ష చేయించి ఊరికి తీసుకెళ్తూ, ఔటర్ ఎక్కకుండా ఆరాంఘర్ మీదుగా పాత రోడ్డే పట్టాను. గగన్‌పహాడ్, సాతంరాయి దాటి, ఎయిర్‌పోర్టు మలుపు దగ్గర తిరక్కుండా తిన్నగా ఊళ్ళోకి. బండి ఆపితే "ఏమైంది?" అన్నాడు. చాయ్ అన్నాను. రెండు చెప్పబోతే వద్దన్నాడు, ఒకటే చెప్పమన్నాడు. సాసర్లో పోసి నా వైపు జరిపాడు. తాగుతూ మధ్యలో రెండుసార్లు రోడ్డు వైపు తిరిగి చూశాడు.

"ఎవరన్నా తెలిసినోళ్ళా?" అని అడిగాను.

"కాదు," అన్నాడు, "హారన్ కొట్టిండేమోనని."